చింపిన ఫొటో: వలస పోయినోళ్ల ముఖం ఒక దగ్గర, బతుకు ఇంకో దగ్గర

ఈరోజు ఎపిసోడ్ ఒక ఫొటోతో మొదలుపెడదాం. ఆ ఫొటో మీకు చూపించలేను. ఎందుకంటే అది ఒక్క ఫొటో కాదు, చాలా మంది ఫొటోలు. అన్నీ మధ్యకి చింపినవే.

1960ల నాటి పోర్చుగల్. సలజార్ అనే నియంత పాలన. పల్లెల్లో పని లేదు. 1961 నుంచి ఆఫ్రికాలోని కాలనీల్లో యుద్ధం నడుస్తోంది కాబట్టి వయసొచ్చిన మగపిల్లల్ని మిలిటరీకి తీసుకుపోతున్నారు. పోనీ దేశం వదిలి వెళ్దామంటే ప్రభుత్వం పర్మిషన్ ఇవ్వదు. దాంతో జనం దొంగదారిన బయల్దేరేవాళ్లు. స్పెయిన్ మీదుగా, పిరినీస్ కొండలు దాటి, ఫ్రాన్స్‌కి. తీసుకెళ్లడానికి గైడ్లు ఉండేవాళ్లు. మన భాషలో ఏజెంట్లు.

ఇక్కడ ఒక సమస్య. డబ్బులు ముందే ఇస్తే ఆ గైడ్ కొండల్లో వదిలేసి పోవచ్చు. ఇవ్వకపోతే అసలు తీసుకెళ్లడు. దీనికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం చూడండి. వెళ్లే మనిషి ముందు ఒక ఫొటో దిగేవాడు. దాన్ని రెండు ముక్కలుగా చింపేవాళ్లు. సగం గైడ్ దగ్గర, సగం తన జేబులో. ఫ్రాన్స్ చేరాక తన సగాన్ని పోస్టులో ఇంటికి పంపేవాడు. అంటే క్షేమంగా చేరాడన్నమాట. తర్వాత గైడ్ తన దగ్గరున్న సగం పట్టుకుని ఆ ఇంటికి వచ్చేవాడు. రెండు ముక్కలు కలిస్తేనే ఇంటివాళ్లు డబ్బులు ఇచ్చేవాళ్లు. 350 డాలర్లు.

ఇవాళ మనకి ఓటీపీ ఉంది. వాళ్లకి సగం ముఖం ఉండేది.

ఈ విషయం నేను చదివింది 1975లో వచ్చిన ‘ఎ సెవెంత్ మాన్’ అనే పుస్తకంలో. రాసింది జాన్ బెర్జర్, ఫొటోలు ఝాన్ మోర్. ఆ పుస్తకం దగ్గరికి చివర్లో వద్దాం. ముందు నేను ఈ టాపిక్ ఎందుకు ఎత్తుకున్నానో చెప్పాలి.

మా ఇంటి గోడ మీద ఫొటో

మాది జగిత్యాల జిల్లా. మా బాపు 14 ఏళ్లు గల్ఫ్‌లో పనిచేసిండు. రెండేళ్లకోసారి, రెండు నెలల సెలవు. నా చిన్నప్పుడు బాపు అంటే నాకు ఒక సూట్‌కేసు, ఒక సెంటు వాసన, గోడ మీద ఒక ఫొటో. ఆ ఫొటోలో బాపు నల్ల బ్లేజర్ వేసుకుని, ప్లాస్టిక్ పూల కుండీ మీద చెయ్యి పెట్టి నిలబడి ఉంటాడు. వెనకాల నీలం రంగు తెర. అది బాపు ఆఫీసు అనుకునేవాణ్ని. స్కూల్లో అందరికీ అలాగే చెప్పిన.

నేను బీటెక్ అయిపోయి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాక ఒకసారి ఇంటికెళ్లినప్పుడు అడిగిన, ‘బాపూ, ఆ బ్లేజర్ ఎక్కడుంది?’ అని. బాపు నవ్విండు. ‘అది నాదెక్కడిది బిడ్డా, స్టూడియోవోనిది. ఆ దినం మేం ముగ్గురం పోయినం. ఒక్క కోటే ముగ్గురం తొడుక్కున్నం.’

అంటే జగిత్యాల జిల్లాలో మూడు ఇళ్ల గోడల మీద ఒకే బ్లేజర్ ఉంది. ముఖాలే వేరు.

మరి అసలు బాపు ఎక్కడ ఉండేవాడు? ఏ రూమ్? ఎంతమంది? ఆ ఫొటో ఏమీ చెప్పదు. ఇంకోవైపు గల్ఫ్ కార్మికుల గురించి పేపర్లో వచ్చే ఫొటోలు చూడండి. నీలం యూనిఫాంలో వరసగా నడిచే మనుషులు, బస్సు కిటికీ గ్రిల్ వెనకాల నిద్రపోతున్న మనుషులు. చాలావాటిలో కనిపించేది వీపులే. అందులో బతుకు కనబడుతుంది. కానీ ఆ మనిషి ఎవరు? పేరేంటి? తెలీదు.

ఇంట్లో గోడ మీద ముఖం ఉంది, బతుకు లేదు. పేపర్లో బతుకు ఉంది, ముఖం లేదు. ఇదీ చింపిన ఫొటో లాగే అనిపించింది నాకు. ఈ రెండు ముక్కల్ని కలపడానికి ఎవరైనా ప్రయత్నించారా అని వెతుకుతూ పోతే దాదాపు 150 ఏళ్ల చరిత్ర బయటపడింది. అదే ఈ ఎపిసోడ్.

మొదటి ఫొటో పోలీసుల కోసం

చరిత్ర మన వాళ్లతోనే మొదలుపెడదాం. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకి కూలీలు కావాల్సి వచ్చింది. 1834 నుంచి ఇండియా నుంచి మారిషస్‌కి ఒప్పందపు కూలీల్ని పెద్దఎత్తున తీసుకెళ్లారు. 20వ శతాబ్దం మొదటి దశాబ్దం దాకా మొత్తం దాదాపు నాలుగున్నర లక్షల మంది వెళ్లారు. అందులో తెలుగువాళ్లు కూడా ఉన్నారు. కాకినాడ దగ్గర కోరంగి రేవు ఉంది కదా, ఆ పేరు మీదే మారిషస్‌లో తెలుగువాళ్లకి ‘కోరంగీలు’ అని పేరు పడింది. బర్మాలో కూడా మనవాళ్లని అదే పేరుతో పిలిచేవాళ్లు. ఊరు వదిలేసి పోయినా రేవు పేరు మాత్రం వదల్లేదు.

1860ల నుంచి మారిషస్‌లో ఈ కూలీలకి ఫొటోలు తీయడం మొదలైంది. ప్రపంచంలోనే ఫొటోగ్రఫీ వచ్చి అప్పటికి 30 ఏళ్లు కాలేదు. మన పల్లెల్లో అప్పటికి ఎవరూ కెమెరా మొహం చూసి ఉండరు. అలాంటిది, చెరకు నరికే మనిషికి ఫొటో ఎందుకు తీశారు? గౌరవం కోసం కాదు. 1867లో అక్కడ ఒక చట్టం తెచ్చారు. ఒప్పందం అయిపోయిన పాత కూలీలు కూడా ఫొటో అంటించిన టికెట్, పోలీసు పాసు ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలి. ఆ ఫొటో ఖర్చు కూడా వాళ్లదే. టికెట్ లేకుండా రోడ్డు మీద కనిపిస్తే దిమ్మరి అని పట్టుకుపోయేవాళ్లు.

దీని మీద కూలీలు ఊరుకోలేదు. 1871లో 9,401 మంది పాత కూలీలు కలిసి అర్జీ పెట్టారు. అడాల్ఫ్ డి ప్లెవిట్జ్ అనే తోట మేనేజర్ వాళ్లకి సాయం చేశాడు. దాంతో లండన్ నుంచి రాయల్ కమిషన్ వచ్చి విచారణ చేయాల్సి వచ్చింది.

ఆ ఫొటోల్లో చాలావరకు ఇవాళ మారిషస్‌లోని మోకా అనే ఊళ్లో, మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. విచిత్రం ఏంటంటే, పోలీసు నిఘా కోసం తీసిన ఆ ఫొటోల కోసమే ఇవాళ మనవలు, మునిమనవలు వెళ్తున్నారు. తమ తాత ముత్తాతల ముఖం చూడటానికి. పక్కనే రిజిస్టర్లలో నంబరు, ఊరు, తండ్రి పేరు, వచ్చిన ఓడ రాసి ఉంటాయి. నా భాషలో చెప్పాలంటే ఫైలూ ఉంది, మెటాడేటా కూడా ఉంది. అయినా అందులో ఆ మనిషి చెప్పుకున్న మాట ఒక్కటీ లేదు. తోటలో ఆ మనిషి రోజు ఎలా గడిచిందో లేదు. ఫొటో తీయించుకుంటావా అని అడిగినవాడూ లేడు.

గుమాస్తా, టీచరు

ఇప్పుడు న్యూయార్క్ వెళ్దాం. 1892లో అక్కడ ఎల్లిస్ ఐలాండ్ అనే చిన్న దీవిలో ఇమిగ్రేషన్ స్టేషన్ తెరిచారు. 1954లో మూసేసేలోపు కోటీ 20 లక్షల మందికి పైగా దాని మీదుగా అమెరికాలోకి వెళ్లారు. బాగా రద్దీగా ఉన్న 1907లో అయితే ఒక్క ఏడాదిలోనే పది లక్షల మంది.

అక్కడ అగస్టస్ షెర్మన్ అని ఒక గుమాస్తా ఉండేవాడు. ఫొటోగ్రఫీ అతని సరదా. ఏదో కారణంతో అధికారులు ఆపేసినవాళ్లని నిలబెట్టి ఫొటోలు తీసేవాడు. పెట్టెల్లోంచి వాళ్ల దేశపు పండగ బట్టలు తీసి వేసుకోమనేవాడట. గొర్రెతోలు కోటు వేసుకున్న రుమేనియా కాపరి, ఎత్తైన తలపాగాలతో గ్వాడలూప్ ఆడవాళ్లు. చూస్తే కళ్లు తిప్పుకోలేం. 1907లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక కూడా వాటిల్లో కొన్ని వేసింది. కానీ చాలావాటి కింద రాసింది దేశం పేరో, జాతి పేరో. మనిషి పేరు లేదు. ఆ ఆఫీసు రిజిస్టర్ల నిండా పేర్లే ఉన్నాయి, ఆయన రోజూ చేసే పనే అది. అయినా ఫొటో కింద పేరు రాయాలని తోచలేదు.

అదే కాలంలో అదే దీవికి ఇంకో మనిషి వచ్చాడు. లూయిస్ హైన్. న్యూయార్క్‌లో స్కూల్ టీచరు. 1904 నుంచి ఎల్లిస్ ఐలాండ్‌లో ఫొటోలు తీశాడు. ఆ పని ఎంత కష్టమో ఊహించండి. బరువైన కెమెరా, ట్రైపాడ్. వెలుతురు కోసం పళ్లెంలో మెగ్నీషియం పొడి వేసి వెలిగిస్తే భళ్లున మంట, గది నిండా పొగ. ఎదురుగా ఉన్నవాళ్లకి ఇంగ్లిష్ రాదు. సైగలతో ఆగమని చెప్పి, ఒకేఒక్క షాట్. రెండోది తీసే అవకాశమే లేదు. మనం ఇవాళ ఒక సెల్ఫీకి 20 తీసి 19 డిలీట్ చేస్తాం.

షెర్మన్‌కి, హైన్‌కి తేడా ఏంటంటే, హైన్ మనుషుల్ని ఉన్నచోటే ఫొటో తీశాడు. సామాను దొరక్క వెతుక్కుంటున్న కుటుంబం, బెంచీ మీద బిడ్డతో కూర్చున్న తల్లి. ముఖం మీద పోర్ట్రెయిట్‌కి ఉండేంత శ్రద్ధ. చుట్టూ ఆ క్షణం. పోర్ట్రెయిట్, డాక్యుమెంటరీ రెండూ ఒకే ఫ్రేములోకి రావడం ఇక్కడ గట్టిగా మొదలైందని నా అభిప్రాయం.

1908 నుంచి హైన్ బాల కార్మికుల ఫొటోలు తీసే ఉద్యోగంలోకి వెళ్లాడు. ఫ్యాక్టరీలోకి ఏదో ఒక నెపం చెప్పి దూరేవాడు. జేబులో చెయ్యి పెట్టి, లోపల దాచిన పుస్తకంలో పిల్లల వివరాలు రాసేవాడు. పిల్ల ఎంత ఎత్తుందో కొలవాలి కదా, టేపు తీస్తే దొరికిపోతాడు. అందుకే తన కోటు గుండీలు నేల నుంచి ఎంతెంత ఎత్తులో ఉన్నాయో ముందే కొలిచి పెట్టుకున్నాడు. పిల్ల పక్కన నిలబడి, తల ఏ గుండీ దాకా వచ్చిందో చూసుకునేవాడు. తర్వాత ఫొటోకి పేరు, వయసు, ఎత్తు, ఎన్నాళ్లుగా పనిచేస్తోంది అన్నీ రాసేవాడు. అందుకే ఆ ఫొటోలు కేవలం జాలిగా మిగల్లేదు, సాక్ష్యంగా పనికొచ్చాయి. ఇంత చేసిన మనిషి 1940లో పేదరికంలోనే చనిపోయాడు. ఇల్లు కూడా పోయింది.

యూటర్న్ తీసుకున్న కారు

ఇప్పుడు చెప్పబోయే ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. ముప్పై ఏళ్ల దాటిన ఒక తల్లి, చెంప మీద చెయ్యి, దూరంగా చూస్తున్న కళ్లు. రెండు భుజాల మీద ఇద్దరు పిల్లలు ముఖాలు దాచుకుని ఉంటారు. ఒళ్లో పసిబిడ్డ. పేరు ‘మైగ్రెంట్ మదర్’. తీసింది డొరోథియా లాంగ్.

లాంగ్‌కి ఏడేళ్లప్పుడు పోలియో వచ్చింది. జీవితాంతం కుంటుతూనే నడిచింది. 1919లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పోర్ట్రెయిట్ స్టూడియో పెట్టింది. డబ్బున్నవాళ్లే కస్టమర్లు. పదేళ్లు బాగా నడిచింది. 1929లో స్టాక్ మార్కెట్ కూలింది, దేశమంతా ఉద్యోగాలు పోయాయి. స్టూడియో కిటికీలోంచి చూస్తే కింద పని లేని మనుషులు తిరుగుతున్నారు. 1933లో ఒకరోజు కెమెరా పట్టుకుని కిందికి దిగింది. అన్నం కోసం లైన్లో నిల్చున్నవాళ్లని ఫొటో తీసింది. అంటే పోర్ట్రెయిట్ తీసే మనిషి వీధిలోకి వచ్చేసింది. చేతిలో ఉన్న విద్య మాత్రం అదే, మనిషి ముఖాన్ని ఓపిగ్గా చూడటం.

1936 మార్చి. అప్పటికి లాంగ్ ప్రభుత్వం కోసం వలస కూలీల ఫొటోలు తీస్తోంది. నెల రోజుల టూర్ అయిపోయి, వానలో ఇంటికి వెళ్తోంది. కాలిఫోర్నియాలో నిపోమో అనే చోట రోడ్డు పక్కన బఠానీ కోసే కూలీల క్యాంపు అని బోర్డు కనిపించింది. ఆగలేదు. 20 మైళ్లు వెళ్లిపోయింది. మనసు ఒప్పుకోక, కారు వెనక్కి తిప్పింది. పంట చలికి పాడైపోయి కూలీలు పని లేకుండా అక్కడే చిక్కుకుపోయారు. ఒక డేరా దగ్గర ఆ తల్లి కనిపించింది. దూరం నుంచి మొదలుపెట్టి దగ్గర దగ్గరగా జరుగుతూ కొన్ని ఫొటోలు తీసింది. మొదటివాటిలో డేరా మొత్తం కనిపిస్తుంది. చివరిదాంట్లో డేరా దాదాపు మాయమై ముఖమే మిగిలింది. ప్రపంచానికి గుర్తుండిపోయింది ఆ చివరిదే.

శాన్‌ఫ్రాన్సిస్కోలో పేపర్లో రాగానే ప్రభుత్వం ఆ క్యాంపుకి 20,000 పౌండ్ల తిండి సామాన్లు పంపింది. ఫొటో గెలిచింది అనుకుంటాం కదా? ఆ లారీలు వచ్చేసరికి ఆ తల్లి అక్కడ లేదు. పని వెతుక్కుంటూ పిల్లలతో వేరే ఊరు వెళ్లిపోయింది.

ఇంకో సంగతి. లాంగ్ ఆమె పేరు అడగలేదు. తర్వాత తనే ఆ మాట చెప్పింది. నాకు ఇది మింగుడుపడలేదు. ఎందుకంటే లాంగ్ మామూలుగా అలాంటి మనిషి కాదు. తనూ, భర్త పాల్ టేలర్ అనే ఎకనమిస్టూ కలిసి 1939లో ‘యాన్ అమెరికన్ ఎక్సోడస్’ అనే పుస్తకం వేశారు. అందులో ఫొటోల పక్కన కూలీల సొంత మాటలే పెట్టారు. మాట వినడం తెలిసిన మనిషే. ఆ ఒక్కరోజు వానలో, అలసటలో, పది నిమిషాల్లో పని ముగించుకుని వెళ్లిపోయింది. ఆ కాసేపట్లో జారిపోయినదాన్ని పట్టుకోవడానికి 42 ఏళ్లు పట్టింది.

1978లో ఒక రిపోర్టర్ ఆమెని కాలిఫోర్నియాలోని మొడెస్టోలో వెతికి పట్టుకున్నాడు. పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్. ట్రైలర్ ఇంట్లో ఉంటోంది. చెరోకీ తెగ మనిషి. అన్నేళ్లూ ఆ ముఖాన్ని చూసి అందరూ తెల్లజాతి రైతు భార్య అనుకున్నారు. ఫొటోతో పాటు వచ్చిన వివరాల్లో కారు టైర్లు అమ్ముకుని తిండి కొన్నారని ఉంది. అది నిజం కాదని ఆమె కుటుంబం చెప్పింది. ఆ ఫొటో స్టాంపుల మీదకి, పుస్తకాల మీదకి వెళ్లింది. ఆమెకి మాత్రం ఒక్క సెంటు కూడా రాలేదు. ఆ ఫొటో తీయకపోయి ఉంటే బాగుండేదని ఆమె అనుకుంది. ప్రభుత్వ ఉద్యోగంలో తీసింది కాబట్టి లాంగ్‌కి కూడా దాని మీద రాయల్టీ రాలేదు, అది వేరే విషయం.

1983లో ఆమెకి జబ్బు చేసింది. పిల్లలు సాయం అడిగితే దేశం నలుమూలల నుంచి ఉత్తరాలు, డబ్బు వచ్చాయి. 25,000 డాలర్లకి పైగా. మా అమ్మ ముఖం ఇంతమందిని కదిలించిందా అని పిల్లలకి అప్పుడే మొదటిసారి గర్వంగా అనిపించిందట. అంతవరకు ఆ ఫొటో వాళ్లకి ‘మీరు పేదోళ్లు’ అనే బోర్డు లాంటిది. ఆమె అదే ఏడాది చనిపోయింది.

ముఖం ఉంది, బతుకు ఉంది, రెండూ ఒకే ఫొటోలో. అయినా పేరు, అనుమతి లేకపోతే అది ఎవరి ఫొటో?

ఛాతీ మీద నంబరు

సరే, మొదట్లో చెప్పిన పుస్తకం దగ్గరికి వచ్చేద్దాం.

జాన్ బెర్జర్‌కి 1972లో ‘జి.’ అనే నవలకి బుకర్ ప్రైజ్ వచ్చింది. స్టేజి మీదే ఒక ప్రకటన చేశాడు. ఈ ప్రైజ్ ఇచ్చే బుకర్ కంపెనీ డబ్బు కరీబియన్ ప్రాంతపు దోపిడీ నుంచి వచ్చింది కాబట్టి, సగం లండన్‌లోని బ్లాక్ పాంథర్స్‌కి ఇస్తున్నానని, మిగతా సగంతో యూరప్ వలస కూలీల మీద పుస్తకం చేస్తానని. ఆ బుకర్ కంపెనీకి చెరకు తోటలు ఉన్నది బ్రిటిష్ గయానాలో. అక్కడ పనిచేసిన వాళ్లలో ఇండియా నుంచి వెళ్లిన ఒప్పందపు కూలీలు, వాళ్ల పిల్లలు ఉన్నారు. మారిషస్ కథకి అన్నదమ్ముల కథే. చూశారా, ఎక్కడ మొదలై ఎక్కడ తేలిందో.

టైటిల్‌కి అర్థం, అప్పట్లో జర్మనీలో, బ్రిటన్‌లో ఒంటిపని చేసే ప్రతి ఏడుగురిలో ఒకడు వలస వచ్చినవాడు. ఆ ఏడోవాడే ఈ పుస్తకం. అందులో మూడు భాగాలు. బయల్దేరడం, పని, తిరిగి రావడం. ఇదే అసలు కీలకం. వార్తల కెమెరా వలస మనిషిని పని దగ్గరే పట్టుకుంటుంది. మోర్ ఫొటోల్లో ఊరు ఉంది, రైలు ఉంది, బ్యారక్ ఉంది, ఇంటికి తిరిగొచ్చే రోజు ఉంది. దగ్గర్నుంచి తీసిన ముఖాలు కూడా ఉన్నాయి.

ఆ పుస్తకంలో నన్ను పట్టేసిన ఫొటోలు ఇస్తాంబుల్‌వి. 1961లో జర్మనీకి, టర్కీకి కూలీల ఒప్పందం కుదిరింది. జర్మనీ వెళ్లాలంటే ఇస్తాంబుల్‌లో మెడికల్ పాస్ అవ్వాలి. మోర్ ఆ గదిలోకి వెళ్లి తీశాడు. చెడ్డీలతో వరసగా నిలబడ్డ మగవాళ్లు. ఒంటి మీద పెన్నుతో రాసిన నంబర్లు. ఆ ఫొటో చూసి నేను ఫోన్ పక్కన పెట్టేసిన. మా బాపు కూడా బయల్దేరే ముందు మెడికల్ కోసమని ముంబై వెళ్లొచ్చిండు. ‘మెడికల్ పాసైంది’ అని చెప్పిండు, అంతే. ఆ గదిలో ఎలా నిలబెట్టారో ఏనాడూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

మోర్ ఫొటోలు తీసిన ఇంకో చోటు జెనీవా. ఆయన సొంత ఊరు. ఊరి కింద సొరంగం తవ్వుతున్న కూలీలు. పైన వాచీల షాపులు, బ్యాంకులు, సరస్సు. కింద యుగోస్లావియా, స్పెయిన్, ఇటలీ నుంచి వచ్చిన మనుషులు. వీళ్లలో చాలామందిది సీజన్ పర్మిట్. ఏడాదికి తొమ్మిది నెలలు పని, తర్వాత దేశం వదిలి వెళ్లాలి, మళ్లీ రావాలి. భార్యాపిల్లల్ని తెచ్చుకోవడానికి లేదు. కానీ మనుషులు కదా, కొందరు తెచ్చుకున్నారు. అలా స్విట్జర్లాండ్‌లో వేల మంది పిల్లలు గదుల్లో దాక్కుని పెరిగారు. చప్పుడు చేయొద్దు, కిటికీ దగ్గరికి రావొద్దు, తలుపు కొడితే పలకొద్దు. ఆ సీజన్ పర్మిట్ పద్ధతి రద్దయింది ఎప్పుడో కాదు, 2002లో.

ఇప్పుడు ఆలోచించండి. కనబడటమే నేరమైన పిల్లని ఫొటో తీయడం సాయమా, ప్రమాదమా? ముఖం చూపిస్తే ప్రపంచానికి తెలుస్తుంది, పోలీసుకి కూడా తెలుస్తుంది. మారిషస్‌లో టికెట్ మీద ఫొటో పట్టిచ్చేది. నిపోమోలో పేరు లేని ఫొటో అవమానంగా మిగిలింది. పోర్చుగల్ మనిషి మాత్రం తన ఫొటోని తనే తీయించుకున్నాడు, తనే చింపాడు, ఏ సగం ఎవరికి ఇవ్వాలో తనే చెప్పాడు. ఇన్ని ఫొటోల మధ్య, బొమ్మ మీద హక్కు తన చేతిలోనే ఉంచుకున్న మనిషి నాకు కనిపించింది అక్కడే.

బాపు గీసిన రూమ్

ఈ ఎపిసోడ్ కోసం పోయిన నెల ఇంటికెళ్లిన. ప్లాన్ సింపుల్. మంచి లైటింగ్‌లో బాపు పోర్ట్రెయిట్, తర్వాత గల్ఫ్ ముచ్చట్లు రికార్డ్. కెమెరా, మైక్ అన్నీ సెట్ చేసిన. బాపు వచ్చి కూర్చుండు. రెండు నిమిషాలు మాట్లాడిండు. తర్వాత, ‘ఇది ఎంతమంది చూస్తరు?’ అని అడిగిండు. చెప్పిన. కొంచెంసేపు ఏం మాట్లాడలేదు.

‘వద్దు బిడ్డా. అక్కడ నేను ఎట్లున్ననో మీ అమ్మకే చెప్పలె. చెప్తే ఆమె నిద్రపోతుండెనా? ఊరోళ్లకు ఎందుకు చెప్తా?’

నిజం చెప్తున్నా, నాకు కోపం వచ్చింది. ఎపిసోడ్ పోయింది అనుకున్న. లోపల ఒక గొంతు, కెమెరా ఆఫ్ చేసినట్టు నటించి రికార్డ్ చెయ్యి, తర్వాత ఒప్పిద్దాం అంది. ఫ్లోరెన్స్ థాంప్సన్ కథ అప్పటికే చదివి ఉన్నా కాబట్టి ఆగిన. లేకపోతే ఆగేవాణ్నో లేదో నాకే తెలీదు.

కెమెరా తీసేసినాక బాపు తనంతట తనే ఒక పని చేసిండు. అక్కడున్న కరెంటు బిల్లు తిప్పి, వెనకాల పెన్నుతో రూమ్ గీసిండు. రెండంతస్తుల మంచాలు ఆరు. 12 మంది. మధ్యలో బట్టలారేసే తాడు. కింద అందరి పెట్టెలు. మూలకి ఒక కూలర్. కుడివైపు పై మంచం మీద చిన్న గుర్తు పెట్టి, ‘గిది నాది’ అన్నడు. మిగతా మంచాల మీద ఒక్కొక్కరి పేరూ రాసిండు. కోరుట్లాయన, ఆర్మూరాయన, ఇద్దరు నేపాలోళ్లు, ఒక బంగ్లాదేశ్ పిలగాడు. 12లో పది పేర్లు గుర్తున్నాయి. రెండు గుర్తుకు రాలేదని చాలాసేపు బాధపడ్డడు. అమ్మ పక్కన కూర్చుని బీడీలు చుడుతూ మొత్తం విన్నది. ఒక్క మాట అనలేదు. చివర్లో మాత్రం, ‘పై మంచం ఎందుకు తీస్కున్నవ్, ఉక్కపొయ్యదా?’ అని అడిగింది. 14 ఏళ్లు ఆలస్యంగా వచ్చిన ప్రశ్న అది.

మర్నాడు బాపు ఫొటో ఒకటి తీసిన. అడిగి తీసిన. లుంగీ, బనియను, చేతిలో ఆ కరెంటు బిల్లు. ప్రింట్ వేయించి బ్లేజర్ ఫొటో పక్కనే పెట్టిన. బాపు ఒక్క షరతు పెట్టిండు, అది ఇంట్లోనే ఉండాలని. అందుకే ఈ వీడియోలో మా బాపు ఫొటో లేదు. ఆయన పేరు కూడా లేదు. ఇక్కడ నేను చెప్పినంతవరకు చెప్పుకోమని ఆయనే అన్నడు.

మీ ఇంట్లో కూడా దుబాయో, మస్కటో, సూరతో, భివండీనో వెళ్లొచ్చిన మనిషి ఉండే ఉంటారు. మీ అందరి చేతుల్లో హైన్ కలలో కూడా ఊహించని కెమెరా ఉంది. ముందు అడగండి. వద్దంటే ఆగండి. ఒప్పుకుంటే ముఖం ఒక్కటే కాకుండా ఆ మనిషి దాచుకున్న వస్తువు, పాత పాస్‌పోర్టు, తినే ప్లేటు, గుర్తున్న రూమ్, అన్నీ తీయండి. మాటలు కూడా ఆయన భాషలోనే రాసిపెట్టండి. ఇప్పటికే గోడ మీద ఉన్న పాత ఫొటోల వెనకాల పేరు, ఊరు, ఏ సంవత్సరమో రాయండి. పెన్సిల్‌తో రాయండి, పెన్ను ఇంకు ముందువైపుకి దిగుతుంది.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.